తనాకా కకుయేయి: విశ్వవిద్యాలయం గడప తొక్కని వ్యక్తి జపాన్ ప్రధాని ఎలా కాగలిగారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. యుద్ధానంతర జపాన్ ప్రధానుల గురించి వరుసగా చదువుతూ తనాకా కకుయేయి దగ్గర ఆగిపోయాను. ఆయనకు ముందు పాలించిన కిషి, ఇకెదా, సాతో ముగ్గురూ ఇంపీరియల్ విశ్వవిద్యాలయాల్లో చదివి, ప్రభుత్వంలో ఉన్నతోద్యోగాలు చేసి రాజకీయాల్లోకి వచ్చినవారు. తనాకా 1918లో నీగతా ప్రాంతంలోని ఫుతదా అనే పల్లెలో పశువుల వ్యాపారి ఇంట పుట్టారు. చిన్న బడితోనే ఊరి చదువు ముగించి, పదిహేనేళ్ల వయసులో టోక్యో చేరి, పగలు పని చేస్తూ రాత్రి బడిలో నిర్మాణ విద్య నేర్చుకున్నారు. అలాంటి మనిషి 1972 జూలైలో, 54 ఏళ్లకే, ప్రధాని అయ్యారు. డబ్బు వెదజల్లి పదవి సంపాదించారని ఒక్క మాటలో తేల్చేసేవారు ఉన్నారు గానీ, నాకు ఆ సమాధానం చాలినట్లు అనిపించడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

డబ్బు పాత్రను ఎవరూ కాదనలేరు. 1972లో పాలక లిబరల్ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష పదవికి (అది దక్కినవారే ప్రధాని) ఫుకుదా తకేయోతో జరిగిన పోటీని ‘కకు–ఫుకు యుద్ధం’ అని పత్రికలు ఊరికే పిలవలేదు. అయితే అంతకు ముందు పాతికేళ్లు ఆయన చట్టసభలో చేసిన పనిని పక్కన పెడితే ఆ ఎదుగుదల అర్థం కాదు. 1947లో 28 ఏళ్ల వయసులో ప్రతినిధుల సభకు ఎన్నికైన ఆయన, మరుసటి ఏడాదే బొగ్గు గనులపై ప్రభుత్వ నియంత్రణ బిల్లుకు సంబంధించిన లంచం కేసులో అరెస్టయ్యారు. 1949 ఎన్నికల్లో జైలు నుంచే అభ్యర్థిగా నిలబడి, పోలింగుకు కొద్ది రోజుల ముందు బెయిలు మీద బయటికి వచ్చి, గెలిచారు. 1951లో పై కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఆ తరువాతి కాలమే నా దృష్టిలో అసలైనది. జపాన్‌లో బిల్లులను సాధారణంగా మంత్రిత్వ శాఖల అధికారులే రాస్తారు, సభ్యులు ఆమోదిస్తారు. తనాకా మాత్రం తానే ముందుండి ముప్పైకి పైగా బిల్లులను చట్టాలుగా మార్చారు. వాటిలో 1953 నాటి రహదారుల నిధుల చట్టం ముఖ్యమైనది. అంతవరకు రోడ్లకు ఎంత ఇవ్వాలన్నది ఏటా ఆర్థిక శాఖ దయ మీద ఆధారపడేది. ఈ చట్టంతో పెట్రోలు పన్ను రాబడి రోడ్లకే కేటాయింపయింది. అమ్ముడైన ప్రతి లీటరు నుంచీ రోడ్డుకు వాటా వస్తుందన్నమాట. ఆ ఏర్పాటు 2009 వరకు, అంటే ఆయన మరణించాక కూడా ఎన్నో ఏళ్లు, కొనసాగింది. సొంతంగా నిర్మాణ సంస్థ నడిపిన మనిషికే తట్టే ఆలోచన అది. 39 ఏళ్లకు తపాలా, టెలికమ్యూనికేషన్ల మంత్రి, 44 ఏళ్లకు ఆర్థిక మంత్రి కావడానికి ఈ పనితనమే దారి చేసింది. దేశంలోని అత్యున్నత చదువులు చదివిన ఆర్థిక శాఖ అధికారుల ముందు తన చదువు ఎంతో దాచకుండా చెప్పుకొని, బాధ్యత అంతా తనదేనని హామీ ఇచ్చి, వారి విశ్వాసాన్ని సంపాదించారు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, నీగతా గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. జపాన్ సముద్రం వైపున్న ఆ ప్రాంతాన్ని ‘దేశపు వెనుక వైపు’ అని పిలిచేవారు. శీతాకాలంలో అక్కడ మంచు ఇంటి గుమ్మాలను ముంచెత్తి, పల్లెకూ పల్లెకూ మధ్య దారి మూసుకుపోయేది. రోగిని పట్నం ఆసుపత్రికి చేర్చడం పెద్ద గండం. పొలం పని ఆగిపోయిన మగవాళ్లు టోక్యోకు కూలికి వెళ్లి, మంచు కరిగాక తిరిగి వచ్చేవారు. నీగతాకూ టోక్యో వైపుకూ మధ్యనున్న మికుని కనుమను పేల్చేస్తే మేఘాలు అటు దాటిపోయి నీగతాలో మంచు కురవదని, తవ్విన మట్టితో సముద్రాన్ని పూడ్చి సాదో దీవిని కలుపుదామని తొలి ప్రచారంలో తనాకా అన్న మాట నేటికీ చెప్పుకుంటారు. అది వాగాడంబరమే కావచ్చు. కానీ మంచును శత్రువుగా చూపి మాట్లాడిన నాయకుడు తమలో ఒకడని ఆ రైతులు నమ్మారు. ఆయన మద్దతుదారుల సంఘం ‘ఎత్సుజాన్‌కై’ ఊరూరా విస్తరించి, ఏ పల్లెకు ఏ వంతెన, ఏ సొరంగం కావాలో కిందినుంచి పైకి చేరవేసేది. 1982లో జోఎత్సు షింకాన్‌సెన్ అనే అతివేగ రైలు నీగతాకు వచ్చింది. ఆ మార్గంలోని ఉరాసా స్టేషను బయట, చేయి పైకెత్తి నిలబడిన తనాకా విగ్రహం ఉంది. దాని మీద మంచు పడకుండా పైన కప్పు కూడా కట్టారు.

మూడవ సమాధానం

విదేశాంగ విధానం విషయంలో ఒక్క సంగతి. ప్రధాని అయిన మూడు నెలలు నిండకముందే, 1972 సెప్టెంబరులో, ఆయన బీజింగ్ వెళ్లి చైనాతో దౌత్య సంబంధాలను పునరుద్ధరించారు. తొలి రాత్రి విందులో, యుద్ధకాలంలో చైనా ప్రజలకు జపాన్ ‘ఇబ్బంది’ కలిగించిందని ఆయన అన్నప్పుడు, వాడిన ‘మెయివాకు’ అన్న మాట చైనా భాషలో చిన్న పొరపాటుకు చెప్పుకునే క్షమాపణలా వినిపించింది. చైనా ప్రధాని ఝౌ ఎన్‌లై దానికి గట్టిగా అభ్యంతరం తెలిపారు. అయినా చర్చలు తెగలేదు. 29న ఉమ్మడి ప్రకటనపై సంతకాలు జరిగాయి. పార్టీలో తైవాన్ పక్షపాతులు బలంగా ఉన్న రోజుల్లో ఆ ప్రయాణానికి పూనుకోవడం సాహసమే.

ప్రశ్నించినవారి ప్రత్యుత్తరం

ముగ్గురికీ ధన్యవాదాలు. రోడ్లు వేసిన మనిషిపై నీగతా ప్రజలకున్న కృతజ్ఞత అర్థమైంది. కానీ 1983లో లాక్‌హీడ్ లంచం కేసులో న్యాయస్థానం దోషిగా తేల్చాక కూడా, ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన అంత ఆధిక్యంతో ఎలా గెలిచారు?

నాల్గవ సమాధానం

ముందు పతనం సంగతి చూడాలి. దేశమంతటా షింకాన్‌సెన్, రహదారులు విస్తరించి పరిశ్రమలను పల్లెలకు తరలించాలన్న ఆయన ప్రణాళిక ప్రకటించగానే, భూముల ధరలు ఆకాశాన్నంటాయి. ఆ మీద 1973 చమురు సంక్షోభం వచ్చి పడింది. మరుసటి ఏడాది ధరలు ఇరవై శాతానికి పైగా పెరిగాయి. 1974 శరదృతువులో ఒక మాసపత్రిక ఆయన ఆస్తుల మూలాలను బయటపెట్టడంతో డిసెంబరులో పదవి వదిలారు. 1976లో అమెరికా సెనేట్ విచారణలో లాక్‌హీడ్ విమాన సంస్థ లంచాల వ్యవహారం వెల్లడై, 50 కోట్ల యెన్‌లు తీసుకున్నారన్న ఆరోపణపై ఆయన అరెస్టయ్యారు. 1983 అక్టోబరులో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది.

ఆ డిసెంబరు ఎన్నికల్లో ఆయనకు 2,20,000కు పైగా ఓట్లు వచ్చాయి. అవి తీర్పును తోసిపుచ్చిన ఓట్లని నేను అనుకోను. ‘టోక్యో పెద్దలు మా మనిషిని మాత్రమే పట్టుకున్నారు’ అన్న భావం అక్కడ బలంగా ఉండేది, అది పూర్తిగా నిరాధారమనీ చెప్పలేను. అయితే ఆ విధేయతకు దేశం చెల్లించిన మూల్యమూ పెద్దదే. అరెస్టు తరువాత పార్టీ సభ్యత్వం లేకుండానే, వందకు పైగా సభ్యులున్న తన వర్గం బలంతో, ఒహిరా, సుజుకి, నకసొనెలు ప్రధానులయ్యేలా ఆయన చక్రం తిప్పారు. న్యాయస్థానంలో ముద్దాయిగా ఉన్న వ్యక్తి ప్రధానులను ఎంపిక చేయడాన్ని నేను ఏ రోడ్ల పేరుతోనూ సమర్థించలేను.

1985లో అనుచరుడైన తకేషితా వర్గంలోనే వేరు కుంపటి పెట్టారు. ఆ ఫిబ్రవరిలోనే తనాకాకు పక్షవాతం వచ్చి మాట దెబ్బతింది. 1993 డిసెంబరులో, సుప్రీంకోర్టులో అప్పీలు తేలకముందే ఆయన మరణించడంతో ఆయనపై కేసు ముగిసిపోయింది. 1995లో సహనిందితుల కేసులో మాత్రం లంచం ఇచ్చిన మాట నిజమేనని అదే కోర్టు నిర్ధారించింది.