ఆరు చక్రాల నీటిబండి: పట్టేసిన పాత ఇంజన్‌ను బాగుచేయాలా, తీసేసి కొత్తది బిగించాలా?

తుప్పురాయుడు

నేల మీద, బురదలో, నీటిలో నడిచే ఆరు చక్రాల పాత బండి ఒకటి నా చేతికి వచ్చింది. 1970 ప్రాంతంలో తయారైంది. కంపెనీ పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది. వీటికి స్టీరింగ్ చక్రం ఉండదు, రెండు లీవర్లే. ఎడమది లాగితే ఎడమవైపు మూడు చక్రాలకూ బ్రేకు పడి బండి అటు తిరగాలి. ప్రస్తుతానికి లీవర్లు కదులుతున్నాయి, మిగతాదేదీ కదలడం లేదు.

ఇంజన్ జర్మనీలోని పిన్నెబర్గ్‌లో చేసిన జేఎల్‌ఓ. ఒకే సిలిండర్, టూ స్ట్రోక్. తాడు లాగితే అంగుళం కూడా రాలేదు. హెడ్ విప్పాను. ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద గోళ్లతో గీరినట్టు నిలువు గీతలు. పిస్టన్‌లోని అల్యూమినియం సిలిండర్ గోడకు పూత పూసినట్టు అంటుకుంది.

సిలిండర్ బోరు చేయించి (లోపలి గోడను కాస్త వెడల్పుగా తొలిపించి), పెద్ద సైజు పిస్టన్, కొత్త బేరింగులు వెతికి వేయడం ఒక దారి. ఆ ఇంజన్‌ను దించేసి, ఇప్పుడు దొరికే ఫోర్ స్ట్రోక్ ఇంజన్ బిగించి నెలలోపే నీటిలోకి దింపడం ఇంకో దారి. మీరైతే ఏం చేస్తారు?

పాతసామాను

బాగుచేయండి. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు. ఈ బండిని గీసినవాళ్లు ఆ తేలికైన ఇంజన్‌ను లెక్కలో పెట్టుకునే గీశారు. దాన్ని మార్చి మిగతాదానికి రంగు వేస్తే అది పునరుద్ధరణ ఎలా అవుతుంది?

పనిలో కూడా తేడా ఉంది. గట్టు ఎక్కేటప్పుడు ఈ బండి ముక్కు ఆకాశం వైపు లేస్తుంది. టూ స్ట్రోక్‌లో నూనె పెట్రోల్‌తో కలిసే వస్తుంది కాబట్టి బండి ఎంత వంగినా బేరింగులకు నూనె అందుతుంది. చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి నూనె పంపు ఉండదు. అడుగున ఉన్న నూనెను ఒక చెంచా లాంటి రేకు చిమ్ముతుంది. వాలు మీద నూనె ఒక మూలకు చేరితే ఆ చెంచా గాలిని చిమ్ముతుంది.

గొలుసుమోత

గట్టు మీద ఎంతసేపు ఉంటారండీ? అర నిమిషం. అక్కడే కాపురం పెట్టరు కదా.

నేను ఇదే జేఎల్‌ఓతో మూడేళ్లు వేగాను. పిస్టన్ పోతే కొత్తది వేశాను. ఆరు గంటలు నడిచిందో లేదో, అదీ పట్టేసింది. అసలు దోషం క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివరనున్న సీలుది, అంటే గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగుది. యాభై ఏళ్ల రబ్బరు చెక్కలా బిగుసుకుపోయి, దాని అంచు నుంచి ఇంజన్ గాలి పీల్చేది. ఆ గాలి కార్బురేటర్ లెక్కలో లేనిది. మిశ్రమం పలచబడింది, దానితో వచ్చే నూనె తగ్గింది, వేడి పెరిగింది, పిస్టన్ పోయింది. ఈలోగా నేను కార్బురేటర్ మరలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

తర్వాత ఫోర్ స్ట్రోక్ వేశాను. పొగ లేదు, నూనె కొలిచి కలిపే పని లేదు, పక్కన కూర్చున్నవారితో మాట్లాడవచ్చు. 1967లో ఇలాంటిదే అయిన ఆర్గో బండిని మొదట తెచ్చిన కెనడాలోని ఆంటారియో కంపెనీ కూడా ఈనాడు ఫోర్ స్ట్రోకులే వేస్తోంది. వాళ్లకు లేని పట్టింపు మనకెందుకు?

పాతసామాను

సీలు చూడకుండా రెండో పిస్టన్ వేయడం ఇంజన్ తప్పా? ఎగ్జాస్ట్, కార్బురేటర్ దారులను రబ్బరు ముక్కలతో మూసి, లోపలికి ఆరు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఎక్కించి, సబ్బునీళ్లు పూస్తే బుడగలే చోటు చూపిస్తాయి. నేటి ఆర్గోను ఫోర్ స్ట్రోక్ బరువుకు తగ్గట్టే గీశారు. తుప్పురాయుడు గారి బండిని అలా గీయలేదు.

గొలుసుమోత

పరీక్ష చేయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. ఆ సీళ్లు మాత్రం ఎక్కడా దొరకలేదు.

పాతసామాను

సీలుకు ఇంజన్ పేరుతో పని లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, ఈ మూడూ కొలిచి బేరింగులు అమ్మేవారిని అడగండి. దొరకనిది పిస్టనే, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

తూము

ఇంజన్ చుట్టూ ఇంత తిరుగుతున్నారు, ఇది ముందు పడవ అన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. యాక్సిళ్లు బయటికి వచ్చే రంధ్రాలు ఆరూ నీటి మట్టానికి కిందే ఉంటాయి. ఒక్క సీలు కారినా ఇంజన్ ఎంత మంచిదైనా మీరు డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉంటారు.

తుప్పురాయుడు గారూ, మొదట సీటు తీసి తొట్టి (బండి ప్లాస్టిక్ ఒళ్లు) అడుగుకు చేయి పెట్టండి. ఎండుటాకులు, గొలుసు నూనె, మట్టి కలిసి నల్లటి ముద్దలా ఉంటుంది. దాన్ని గోకితే కింద ఇనుప ఫ్రేమ్ కనిపిస్తుంది. నీరు నిలిచేది అక్కడే కాబట్టి పుచ్చిపోయేదీ అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. నా బండిలో వెనక యాక్సిల్ బేరింగు బిగించే చోట పెట్టిన మొన అటువైపు తేలింది. పైన రంగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

తొట్టి ఏ ప్లాస్టిక్కో తెలియకుండా జిగురు కొనవద్దు. కనిపించని అంచు నుంచి గోరంత ముక్క కోసి నీళ్లలో వేయండి. మునిగి, అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) తగిలితే జిగటగా మారితే అది చాలావరకు ఏబీఎస్ అనే ప్లాస్టిక్. అదే రకం ముక్కలను అసిటోన్‌లో కరిగించి ముద్ద చేసి పగుళ్లలో నింపవచ్చు. తేలితే పాలిథిలీన్. దానికి మామూలు జిగురు ఏదీ నిలవదు, ఫైబర్‌గ్లాస్ అతికించినా పెచ్చులా లేచి వస్తుంది. వేడిగాలితో అదే రకం కడ్డీని కరిగించి అతకాలి.

బరువు సంగతికి వస్తే, పది కిలోలు ఎక్కువైతే తొట్టి, టైర్లు కలిసి ఇంకో పది లీటర్ల నీటిని తోయాలి. అది పెద్ద లెక్క కాదు. ఆ పది కిలోలూ వెనకే పడితే మాత్రం వెనక అంచు నీటికి దగ్గరవుతుంది. బండి నీటిలో ముందుకు పోయేది టైర్ల గాట్లు తెడ్లలా నీటిని తోస్తేనే. గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగం. చిన్న అల వెనక నుంచి వచ్చినా తప్పించుకోలేరు.

కొలతబద్ద

ఇంజన్ మార్చాలనుకునేవారు మరిచిపోయే భాగం క్లచ్, అంటే ఇంజన్ బలాన్ని బెల్టుతో చక్రాల వైపు అందించేది. పాత టూ స్ట్రోక్ ఐదారు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర బలం చూపిస్తుంది, చిన్న ఫోర్ స్ట్రోక్‌ను వేగం మితిమీరకుండా చూసే గవర్నర్ అనే భాగం 3,600 దగ్గర ఆపేస్తుంది. బెల్టు క్లచ్‌లో ఉన్న స్ప్రింగు, బరువులు పాత వేగానికి తూచినవి. అలాగే ఉంచితే బెల్టు సగమే పట్టి, జారి, కాలుతుంది. స్ప్రింగు మార్చాలి, బహుశా పళ్ల చక్రం కూడా. షాఫ్ట్ మందం, అది తిరిగే దిక్కు ముందే చూసుకోండి.

నా మట్టుకు ఏ ఇంజన్ అన్నది రెండో ప్రశ్న. ఫ్రేమ్‌ను కోస్తారా, తొట్టికి కొత్త రంధ్రాలు వేస్తారా? కోసిన ఇనుమును తర్వాత వచ్చేవారు మళ్లీ పెంచలేరు. పాత బోల్టు రంధ్రాలకే సరిపోయే అడ్డపలక ఒకటి చేసి, దాని మీద కొత్త ఇంజన్ నిలిపితే ఎప్పుడైనా వెనక్కి వెళ్లవచ్చు.

పాతసామాను

వెనక్కి వెళ్లవచ్చు అని చెప్పినవారిలో వెళ్లినవారిని చూపించండి. తీసిన ఇంజన్ అటక ఎక్కుతుంది, అక్కడే దుమ్ము తింటుంది.

తుప్పురాయుడు

అందరూ చెప్పిందీ విన్నాను. వారం రోజుల పని తర్వాత రాస్తున్నాను.

ఫ్రేమ్ తూము గారు చెప్పిన చోటే పుచ్చింది, రెండు చోట్ల అతుకు వేయించాలి. తొట్టి ముక్క మునిగింది, అసిటోన్‌కు మెత్తబడింది. ఇంజన్ పైన గాలి మళ్లించే రేకు కవరు విప్పితే లోపల పిడికెడు దూది, గడ్డి, పొట్టు. ఏ ఎలుకో సిలిండర్ రెక్కల మధ్య హాయిగా కాపురం పెట్టింది. ఫ్యాను గాలి సిలిండర్‌ను చేరే దారే లేదు. సీలు ఎలా ఉన్నా ఈ ఇంజన్ చల్లబడే అవకాశం లేదు. గాలి పరీక్షా చేశాను. బెల్టు వైపు సీలు దగ్గర బుడగలు ఉడుకు గంజిలా వచ్చాయి. పాతసామాను గారికీ గొలుసుమోత గారికీ చెరి సగం.

కొలతబద్ద గారు చెప్పినట్టు అడ్డపలక మీద ఫోర్ స్ట్రోక్ నిలుపుతున్నాను. ఫ్రేమ్ కోయడం లేదు. జేఎల్‌ఓ క్రాంక్‌షాఫ్ట్ ఇప్పటికే బేరింగుల కోసం బయటికి తీశాను. పిస్టన్ వెతుకుతున్నాను.

పాతసామాను

అంటే అటకే.

తుప్పురాయుడు

అటక లేదండీ. బల్ల మీదే ఉంది, రోజూ మోచేతికి తగులుతోంది. పాత పిస్టన్ వ్యాసం కింది అంచు దగ్గర, పిస్టన్‌ను కడ్డీకి కలిపే పిన్నుకు అడ్డంగా కొలవాలా, పైన కొలవాలా? మైక్రోమీటర్ చేతిలోనే ఉంది.

పాతసామాను

కింది అంచు దగ్గరే, పిన్నుకు అడ్డంగా. పైభాగం కావాలనే సన్నగా చేస్తారు. గీతలు పడిన చోటు వదిలేసి రెండు మూడు సార్లు కొలిచి ఇక్కడ పెట్టండి, నా పెట్టెలో చూస్తాను.