హాల్లో టీవీ కింద గేమింగ్ పీసీ: ఎంత చిన్నదైతే సరిపోతుంది?

ప్రశ్న: తూర్పుకిటికీ

నా గేమింగ్ పీసీ పెద్ద టవర్. పడకగదిలో బల్ల పక్కన ఉంటుంది. పగలంతా ఆ బల్ల దగ్గరే ఉద్యోగం పని చేసుకుని, రాత్రి మళ్ళీ అదే కుర్చీలో ఆట కోసం కూర్చోవడానికి ఈమధ్య నడుము ఒప్పుకోవడం లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఇంటిల్లిపాదీ హాల్లో ఉన్న వేళ నేనొక్కణ్ణే గది తలుపు వేసుకుని ఆడుకోవడం నాకు నచ్చడం లేదు. పిల్లలిద్దరూ, నేనూ సోఫాలో కూర్చుని తలా ఒక కంట్రోలర్ పట్టుకుని ఆడాలన్నది నా కోరిక. కన్సోల్ కొంటే తేలిగ్గా తీరిపోతుందని తెలుసు. అయితే పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పదేళ్ళుగా ఒక్కొక్కటే కొనుక్కున్న ఆటలు వందకు పైగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, అవే ఆటలను మరోసారి కొనడానికి మనసు రావడం లేదు.

అందుకని టీవీ స్టాండులో ఇమిడే చిన్న పీసీ గురించి ఆలోచిస్తున్నాను. స్టాండులో నాకు దొరికే అర 60 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల లోతు, 22 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మూడు వైపులా చెక్క, ముందు గాజు తలుపు. టీవీ 55 అంగుళాల 4కె; దాని హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులలో ఒకటి 120 హెర్ట్జ్ (సెకనుకు 120 బొమ్మలు) తీసుకుంటుంది. సోఫా టీవీకి దాదాపు 3 మీటర్ల దూరంలో ఉంటుంది.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా అరచేతిలో పట్టేంత చిన్నగా వచ్చే మినీ పీసీ ఈ పనికి చాలుతుందా, లేక మినీ ఐటీఎక్స్ అనే చిన్న కొలత మదర్‌బోర్డుతో సొంతంగా కట్టుకోవాలా? రాత్రి పక్కగదిలో ఒకరు నిద్రపోతుండగా ఆడుకోగలిగినంత నిశ్శబ్దంగా అది ఉంటుందా? కీబోర్డు, మౌస్ ముట్టుకోకుండా, సోఫాలోంచి కంట్రోలర్ బటన్ ఒక్కటి నొక్కితే టీవీతో సహా అన్నీ లేచి ఆట మొదలయ్యే ఏర్పాటు నిజంగా సాధ్యమా? ఈ చివరిదాని మీదే నాకు ఎక్కువ అనుమానం. ఇంట్లో మిగతావాళ్ళు నా సాయం లేకుండా వాడుకోలేని యంత్రాన్ని హాల్లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

జవాబు: నెమ్మదిఫ్యాను

మీరు అర కొలతలు ఇచ్చి మంచి పని చేశారు. కానీ ఆ కొలతలకన్నా ముందు నా కంటికి తగిలింది మూడు వైపుల చెక్క, ముందు గాజు తలుపు. పీసీ ఎన్ని వాట్ల కరెంటు తీసుకుంటే దాదాపు అన్ని వాట్ల వేడిని గాలిలోకి వదులుతుంది. ఇందులో ఏ కంపెనీ ఇంజినీరూ మార్చగలిగింది ఏమీ లేదు. ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం ఆట నడిచేటప్పుడు 250 నుంచి 300 వాట్ల దాకా తీసుకుంటుంది. అంత వేడిని మూసిన అరలోకి వదిలితే, కాసేపటికే ఫ్యాన్లు తాము బయటికి నెట్టిన వేడిగాలినే తిరిగి లోపలికి పీల్చుకోవడం మొదలుపెడతాయి. ఆపైన వేగం పెంచుకోవడం తప్ప వాటికి వేరే దారి ఉండదు. మీరు భయపడుతున్న చప్పుడు పుట్టేది అక్కడే. కాబట్టి ఏ పెట్టె కొన్నా గాజు తలుపు తీసేయాలి, వెనక చెక్కను వీలైనంత మేర కోయించాలి. ఈ రెండూ కుదరకపోతే పెట్టెను స్టాండు పక్కన నేల మీద నిలబెట్టడం మేలు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. మొదటిసారి కట్టినప్పుడు ఎంత చిన్నదైతే అంత గొప్ప అన్న ఉత్సాహంతో ఎనిమిది లీటర్ల లోపు ఘనపరిమాణం ఉన్న కేసు (భాగాలు అమర్చే పెట్టె) ఎంచుకున్నాను. అందులో మదర్‌బోర్డుకు వీపు ఆనించినట్టుగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, రెండింటినీ రైజర్ కేబుల్ కలుపుతుంది. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉండేది. కానీ ప్రాసెసర్ కూలర్‌కు మిగిలిన ఎత్తు ఆరు సెంటీమీటర్లు కూడా లేదు. ఆ చిన్న ఫ్యాను పెద్ద ఆట ఏది నడిచినా సన్నగా, ఎడతెగకుండా అరిచేది. సినిమాలో మాటలు వినపడక మా ఇంట్లోవాళ్ళు టీవీ శబ్దం పెంచుకోవలసి వచ్చేది. ఏడాదిలోపే దాన్ని విప్పి, అవే భాగాలను పదమూడు లీటర్ల కేసులోకి మార్చి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టాను. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా అంతే గాలిని కదిలిస్తుంది, దాని శబ్దం కూడా కీచుమనకుండా గాలి వీచినట్టు వినిపిస్తుంది. ఆ అయిదు లీటర్ల తేడా టీవీ కింద కంటికి ఆనదు, చెవికి మాత్రం బాగా తెలుస్తుంది.

మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం. 2001లో వయా కంపెనీ తెచ్చిన ఈ కొలత ఈనాటికీ మారలేదు. గ్రాఫిక్స్ కార్డుకు స్లాటు ఒక్కటే ఉంటుంది, మెమరీకి సాధారణంగా రెండు. పవర్ సప్లై చిన్న కేసులకు సరిపోయే ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం తీసుకోండి, 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 లోతు, 63.5 ఎత్తులో ఇమిడిపోతుంది. రైజర్ ఉన్న కేసు తీసుకుంటే ఒక్క జాగ్రత్త: కేబుల్ పాత మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది (కార్డును బోర్డుకు కలిపే మార్గం) అయి, బోర్డూ కార్డూ నాలుగో తరానివి అయితే తెర నల్లగా ఉండిపోవచ్చు. అప్పుడు భాగాలు పాడయ్యాయనుకుని కంగారు పడకుండా, బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) ఆ స్లాటును మూడో తరానికి మార్చి చూడండి.

మీ మొదటి సందేహానికి వస్తాను. 4కె తెర మీద సుమారు 83 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరకు సరిగ్గా నాలుగు రెట్లు. వాటినన్నిటినీ ఏ సాయమూ లేకుండా గీయాలంటే చిన్న పెట్టెలో పట్టనంత కార్డు కావాలి. అయితే మీరు కూర్చునేది 3 మీటర్ల దూరంలో. ఆట లోపల ఈ రెండింటికీ నడుమ ఉండే 1440పీలో నడిచి, బొమ్మను పెంచే ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ డీఎల్‌ఎస్‌ఎస్ గానీ దాన్ని 4కె దాకా పెంచితే, ఆ దూరం నుంచి తేడా పట్టుకోవడం నాకైతే సాధ్యం కాలేదు. పిల్లలతో ఒకే సోఫాలో ఆడే ఆటలు చాలామటుకు తేలికైనవే. వాటి వరకే అయితే రేడియాన్ 780ఎం వంటి గ్రాఫిక్స్ లోపలే ఉన్న మినీ పీసీ 1080పీలో హాయిగా నడిపిస్తుంది. మీరు ఒంటరిగా ఆడుకునే భారీ ఆటలు కూడా హాలుకు రావాలంటేనే కార్డు కొనండి. కొన్నాక దాని పవర్ పరిమితిని నాలుగింట ఒక వంతు తగ్గించి, ఫ్రేములను సెకనుకు 60 దగ్గర ఆపండి. నేను అలాగే చేశాను. ఆటలో తగ్గినదేమీ నాకు కనిపించలేదు, ఫ్యాన్ల హోరు మాత్రం ఆగిపోయింది.

జవాబు: పెంగ్విన్‌బాట

హార్డ్‌వేర్ గురించి పైవారు చెప్పిన దానికి నేను కలపవలసింది లేదు. మీకు ఎక్కువ అనుమానం ఉన్న చివరి ప్రశ్న గురించే రాస్తాను, ఎందుకంటే హాల్లో పెట్టిన పీసీలు మూలపడేది చాలాసార్లు ఆ కారణంగానే.

ఈ కల కొత్తది కాదు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ 2015 నవంబరులో స్టీమ్ మెషిన్ల పేరుతో, వేర్వేరు తయారీదారుల చేత ఇలాంటి పెట్టెలనే అమ్మించింది. వాటిలో ఉన్నది విండోస్‌కు బదులు లైనక్స్ మీద కట్టిన స్టీమ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అప్పట్లో లైనక్స్‌లో నడిచే ఆటలు తక్కువ కావడంతో కొన్నవాళ్ళు కూడా విండోస్ ఎక్కించుకోవలసిన పరిస్థితి వచ్చి, ఆ ప్రయత్నం చల్లబడింది. 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చాకే దారి తెరుచుకుంది. విండోస్ కోసం రాసిన ఆటను లైనక్స్ మీద నడిపించే ఆ పొర బలపడబట్టే 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నిలదొక్కుకుంది, 2025 నవంబరులో వాల్వ్ మళ్ళీ స్టీమ్ మెషిన్ పేరుతోనే ఒక చిన్న ఘనాకారపు పెట్టెను ప్రకటించగలిగింది. సొంతంగా కట్టుకునేవారికి ఫెడోరా అనే లైనక్స్ మీద కట్టిన బజైట్ కూడా అదే అనుభవాన్ని ఇస్తుంది. యంత్రం లేవగానే నేరుగా ఆటల పట్టిక కనిపిస్తుంది, మొత్తం కంట్రోలర్‌తోనే తిరగవచ్చు, ఆటను మధ్యలో నిద్రపుచ్చి మర్నాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. విండోస్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఏదో చిన్న కిటికీ తెర మధ్యలో తెరుచుకుని మౌస్ కోసం లేవాల్సి వస్తుంది. పిల్లలకు అప్పగించే యంత్రంలో ఇది చిన్న లోపం కాదు.

అయితే మీరు ఏమి ఆడతారన్నది ముందు చూసుకోండి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ వంటి ఆటలు తమ మోసనిరోధక సాఫ్ట్‌వేర్ కారణంగా లైనక్స్‌లో నడవవు. పిల్లలు వాటినే కోరితే విండోస్ తప్పదు.

మీ టీవీ 120 హెర్ట్జ్ పోర్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 4కెను పూర్తి రంగులతో 120 హెర్ట్జ్‌లో పంపడానికి హెచ్‌డీఎమ్‌ఐ 2.1 కావాలి, దాని గరిష్ఠ వేగం సెకనుకు 48 గిగాబిట్లు, అంతకు ముందరి 2.0ది 18. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఏఎమ్‌డీ తన బహిరంగ లైనక్స్ డ్రైవర్‌లో 2.1ను చేర్చడానికి ప్రయత్నిస్తే, 2024లో ఆ ప్రమాణాన్ని నిర్ణయించే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరమ్ అందుకు ఒప్పుకోలేదు. కార్డులో శక్తి ఉంది, టీవీలో పోర్టు ఉంది, కేబులూ ఉంది, మధ్యలో అనుమతి లేదు. ఎంతోమంది ఉచితంగా శ్రమించి నిలబెట్టిన వ్యవస్థకు ఇలా అడ్డుపడటం అన్యాయమని నేను నమ్ముతున్నాను. 60 హెర్ట్జ్‌కు ఈ ఇబ్బంది లేదు. కార్డు మీద ఉండే మరో పోర్టు డిస్‌ప్లేపోర్టును హెచ్‌డీఎమ్‌ఐగా మార్చే అడాప్టర్లతో కొందరు 120 సాధిస్తున్నారు గానీ, ఫ్రేములకు తగ్గట్టు టీవీ తన వేగాన్ని మార్చుకునే వీఆర్‌ఆర్ వాటితో నమ్మకంగా పనిచేయడం నేను చూడలేదు.

ఇక టీవీ తనంతట తాను లేవడం. కన్సోళ్ళు హెచ్‌డీఎమ్‌ఐ తీగలోనే ఉండే సీఈసీ సంకేతంతో టీవీని లేపుతాయి. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులలో ఆ సంకేతం సాధారణంగా ఉండదు. దానికోసం యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ విడిగా దొరుకుతుంది. పీసీకీ టీవీకీ నడుమ పెడితే సరిపోతుంది. కంట్రోలర్‌తో పీసీని లేపడానికి, నిద్రలో కూడా యూఎస్‌బీకి కరెంటు ఆగకుండా బయోస్‌లో అమర్చుకోవాలి. బోర్డులోని బ్లూటూత్ కన్నా కంట్రోలర్ కంపెనీ ఇచ్చే డాంగిల్‌తో (కంట్రోలర్ సంకేతాలు అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) ఈ పని ఖాయంగా జరుగుతుందని నా అనుభవం. టీవీలో గేమ్ మోడ్ వేసుకోవడం మరవకండి. అది లేకపోతే టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, మీరు నొక్కిన బటన్ ఫలితం తెర మీదికి ఆలస్యంగా వస్తుంది.

తూర్పుకిటికీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. గాజు తలుపు ఈరోజే ఊడదీశాను. వెనక చెక్క పలచని ప్లైవుడ్డే కాబట్టి కోయడం కష్టం కాదు. అయితే ఇంకొక ఆలోచన వచ్చింది. పడకగదిలోని టవర్ చక్కగా పనిచేస్తూనే ఉంది కదా, దాని బొమ్మనే నెట్‌వర్క్ ద్వారా టీవీకి పంపుకుంటే ఈ కొనుగోలు అవసరమే ఉండదేమో?

జవాబు: తీగనునమ్ము

తప్పకుండా ముందు అదే చేసి చూడండి. టవర్‌లో బొమ్మను పంపే సన్‌షైన్, టీవీ దగ్గర దాన్ని అందుకునే మూన్‌లైట్ వేసుకుంటే ఖర్చు ఏమీ ఉండదు, రెండూ ఉచితమే. ఆండ్రాయిడ్ టీవీ అయితే స్టీమ్ లింక్ యాప్ కూడా ఉంది.

ఫలితం మాత్రం దాదాపు పూర్తిగా తీగ మీద ఆధారపడుతుంది. 60 ఫ్రేముల ఆటలో ఒక్కొక్క ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. వైఫైలో సగటు వేగం ఎంత ఉన్నా, నడుమ ఒక్కసారి యాభై మిల్లీసెకన్లు తడబడితే మూడు ఫ్రేములు పోతాయి, కళ్ళకు అది కుదుపులా తెలుస్తుంది. టవర్‌కూ రౌటర్‌కూ, రౌటర్‌కూ టీవీకీ ఈథర్నెట్ తీగ వేస్తే ఈ తడబాటు పోతుంది. చాలా టీవీల ఈథర్నెట్ పోర్టు 100 మెగాబిట్లదే అయినా, 50 మెగాబిట్ల దగ్గర పెట్టుకున్న స్ట్రీమ్‌కు అది చాలు. టీవీలోని ప్రాసెసర్ వీడియోను విప్పడానికే ఎక్కువసేపు తీసుకుంటుంటే, అప్పుడు పాత ల్యాప్‌టాప్‌నో, చవకైన చిన్న పెట్టెనో టీవీకి తగిలించి అందులో మూన్‌లైట్ నడపండి. ఆ పెట్టె ఆట ఆడించనవసరం లేదు కాబట్టి ఫ్యాను లేనిది కూడా పనికొస్తుంది. చప్పుడంతా పడకగదిలోనే ఉండిపోతుంది.

ఈ పద్ధతిలో నన్ను విసిగించింది ఒక్కటే. యంత్రం ఒక్కటే కావడం వల్ల, హాల్లో పిల్లలు ఆడుతున్నంతసేపు గదిలో మీరు దాని మీద పని చేసుకోలేరు. మా ఇంట్లో చివరికి రెండో పీసీ కొనడానికి కారణం అదే, ఆలస్యం కాదు.

తూర్పుకిటికీ

రెండు వారాలు వాడి చూశాక రాస్తున్నాను. హాలు గోడ వెంబడి తీగ వేసి, పాత ల్యాప్‌టాప్‌లో మూన్‌లైట్ పెట్టాను. రేసు ఆటలు, పజిళ్ళు ఇంత బాగా నడుస్తాయని అనుకోలేదు. గురి తప్పకుండా దూకవలసిన ఆటల్లో మాత్రం పెద్దమ్మాయి రెండోరోజే తేడా పట్టేసింది. తీగనునమ్ము గారు చెప్పిన ఇబ్బంది మొదటి సోమవారమే ఎదురైంది: నాకు ఆఫీసు కాల్ ఉన్న సమయానికే వాళ్ళు బడి నుంచి వచ్చారు.

కాబట్టి పదమూడు లీటర్ల కేసుతో కట్టుకోవాలనే నిర్ణయానికి వచ్చాను. అట్టపెట్టెను ఆ కొలతలకు కత్తిరించి అరలో పెట్టి చూశాను, పడుకోబెడితే పైన అయిదు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతోంది. 120 హెర్ట్జ్ ఆశ వదులుకుని, బజైట్‌తో 60లోనే ఆడతాము.

ఒక్క సమస్య మిగిలింది. ఇప్పుడు డాంగిల్ ల్యాప్‌టాప్ వెనక పోర్టులో ఉంది, చిన్నవాడి కంట్రోలర్ అప్పుడప్పుడు తెగిపోతోంది. కొత్త పీసీలోనూ ఇలాగే ఉంటుందా?

జవాబు: పెంగ్విన్‌బాట

పక్క పోర్టులో యూఎస్‌బీ 3 డ్రైవు ఏదైనా ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3 సంకేతాలు వెదజల్లే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, కంట్రోలర్ల డాంగిళ్ళు మాట్లాడుకునేది చాలావరకు అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. పైగా లోహపు పెట్టె వెనక దాగిన డాంగిల్‌కూ సోఫాకూ నడుమ ఆ పెట్టే అడ్డు. అరమీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి, డాంగిల్‌ను అర ముందు అంచుకు, సోఫాకు ఎదురుగా కనిపించేటట్టు అంటించండి. కొత్త పీసీలోనూ అలాగే పెట్టుకోండి.

తూర్పుకిటికీ

పక్కన ఉన్నది యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కే. దాన్ని తీసి, డాంగిల్‌ను తీగతో ముందుకు తెచ్చాను. నిన్న సాయంత్రం మూడు కంట్రోలర్లతో రెండు గంటలు ఆడాము, ఒక్కటీ తెగలేదు.