గోడ నెమ్ముకు థర్మల్ కెమెరా: టైల్స్ పగలగొట్టకుండా కారణం తెలుస్తుందా?

ప్రశ్న (హనుమకొండ)
మా బాత్‌రూమును ఆనుకొని ఉన్న పడకగది గోడకు ఎండాకాలంలో కూడా నెమ్ము ఎక్కుతోంది. అడుగు నుంచి రెండు జానల ఎత్తు వరకు పుట్టీ పొక్కులు లేచి, చేయి తగిలితే పిండిలా రాలుతోంది. మేస్త్రీ టైల్స్ అన్నీ తీసేయాలంటున్నారు. ప్లంబరేమో గోడలోని వేడినీళ్ల పైపే కారుతోందంటున్నారు. థర్మల్ కెమెరాకు గోడ లోపలి నీళ్లు కనిపిస్తాయని విన్నాను. ఇది నిజమేనా?

సమాధానం (కాజీపేట)
నమస్కారమండీ. గోడ లోపల ఏముందో ఆ కెమెరాకు కనిపించదు. గోడ పైపొర నుంచి వెలువడే పరారుణ కిరణాలను బట్టి ఆ పొర ఉష్ణోగ్రతను మాత్రమే రంగుల్లో చూపుతుంది. తడిసిన చోట నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి, మట్టికుండ చల్లబడినట్లే ఆ భాగమూ చల్లబడి చిత్రంలో విడిగా తేలుతుంది. అయితే ఏసీ గాలి తగిలే మూల కూడా అలాగే కనిపించవచ్చు. అందుకే మచ్చ కనిపించిన ప్రతిచోటా తడిని కొలిచే మాయిశ్చర్ మీటరు పెట్టి సరిచూసేవారినే పిలవండి.

వేడినీళ్ల పైపు మీద అనుమానం ఉండడం మీకు ఒకవిధంగా మేలే. గీజరు వేయకముందు గోడను ఒకసారి చూసి, పది నిమిషాలు వేడినీళ్లు వదిలి మళ్లీ చూస్తే, పైపు మరీ లోతుగా లేనట్లయితే దాని దారి వెచ్చని గీతలా తేలుతుంది; కారుతున్న చోట ఆ గీత మరకలా పక్కకు పరుచుకుంటుంది. ఎక్కడా అలా పరుచుకోకపోతే నేల టైల్స్ సందులనూ, నేల మీది నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్‌నూ అనుమానించాలి.

సమాధానం (వరంగల్)
పరీక్ష ఏ వేళకు చేస్తారన్నది చాలా ముఖ్యం. మా స్లాబును మిట్టమధ్యాహ్నం చూసినప్పుడు అంతా ఒకే రంగులో కనిపించింది. పొద్దుగూకిన రెండు గంటలకు మళ్లీ చూస్తే, పొడిగా ఉన్న భాగమంతా చల్లారిపోయి, నీటి ట్యాంకు దిమ్మె పక్కన జానెడు వెడల్పున ఒక్క మచ్చ వెచ్చగా మిగిలింది. లోపల నిలిచిన నీరు పగటి వేడిని అంత త్వరగా వదలదు. గోడ మీద చల్లగా కనిపించే తడి, రాత్రి స్లాబు మీద వెచ్చగా కనిపించడం మొదట మమ్మల్ని తికమకపెట్టింది.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. కెమెరాతో బాత్‌రూము వైపు నుంచి చూడాలా, పడకగది వైపు నుంచా?

సమాధానం (కాజీపేట)
పడకగది వైపు నుంచే చూడాలండీ. నున్నని టైల్స్, స్టీలు కుళాయిలు చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడతాయి. ఎదుట నిలబడ్డ మనిషి ఒంటి వేడే గోడ మీద మచ్చలా కనిపించి మోసం చేస్తుంది. పడకగదిలో ఏసీ, ఫ్యాను ముందురోజు రాత్రి నుంచే ఆపి ఉంచండి.