హెరిటేజ్ డే పిల్లల కార్యక్రమం: నటాలీ డు టోయ్ కథ, పనుల పంపకం

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 24న, దక్షిణాఫ్రికా హెరిటేజ్ డేకి, పిల్లలు వేసే నాటిక స్క్రిప్ట్ చదివాను. ఈతగత్తె నటాలీ మన కేప్‌టౌన్ అమ్మాయే కాబట్టి ఎంపిక బాగుంది. కానీ ఐదు పేజీల్లో మూడు ప్రమాదం గురించే ఉన్నాయి, అదీ ఏడుపు సంగీతంతో. దయచేసి దాన్ని రెండు వాక్యాలకు తగ్గిద్దాం. 2001లో, 17 ఏళ్లప్పుడు, స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్ది ఎడమ కాలు పోయింది. కొన్ని నెలల్లోనే మళ్లీ కొలనులో దిగింది. అంతే.

మిగతాదంతా ఈతే ఉండాలి. 2002 మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల్లో, వైకల్యం లేనివాళ్లతో పోటీపడి 800 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌కి వెళ్లింది. 2012 లండన్ తర్వాత రిటైరయ్యే నాటికి మూడు పారాలింపిక్స్‌లో (వైకల్యం ఉన్నవాళ్ల క్రీడలు) కలిపి 13 స్వర్ణాలు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లోనే 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ ఈత, అంటే కొలనులో కాకుండా ఆరుబయట నీళ్లలో, ఈదింది. కృత్రిమ కాలు లేకుండా ఈదింది. 16వ స్థానం. రెండు గంటల ఈత తర్వాత, గెలిచిన లారిసా ఇల్చెంకోకి ఆమెకి మధ్య తేడా 1 నిమిషం 22 సెకన్లు! నాకైతే పతకాల కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

అలంకరణ బృందం: అక్కా, 10 కిలోమీటర్లంటే చిన్నపిల్లలకు ఎలా తెలుస్తుంది?

50 మీటర్ల కొలనులో 200 సార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి, తల్లీ. 200 కాగితపు బంతిపూలు చేయించి దండ గుచ్చిద్దాం, ఒక్కో పువ్వు ఒక్కో 50 మీటర్లు. గుమ్మానికి అదే తోరణం. నాటిక చివర, ఆ 1 నిమిషం 22 సెకన్ల తేడా ఎంతో తెలిసేలా, స్టాప్‌వాచ్ పెట్టి 82 సెకన్లు అందర్నీ మౌనంగా నిలబెడదాం.

భోజనాల బృందం: మనవాళ్లు 82 సెకన్లు మాట్లాడకుండా ఉంటారా వదినా? సరే, పులిహోర వడ్డన ఆ తర్వాతే మొదలుపెడతాం. కాగితం, దారం నేను తెస్తాను.

ఇంకో ముఖ్యమైన మాట. పోయినేడు వీల్‌చెయిర్‌లో వచ్చిన బాబాయిగారికి స్టేజీ మెట్ల దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈసారి నాటికా బహుమతులూ అన్నీ కిందే, కుర్చీల మధ్య ఖాళీ చేసి పెడదాం. వెనక తలుపు దగ్గర ర్యాంప్ ఉంది గానీ దానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి ఎవరు తీసుకుంటారో శుక్రవారంలోగా చెప్పండి.

వేదిక బృందం: నేను తీసుకుంటాను అక్కా. పొద్దున ఎనిమిదికల్లా తీసి పెడతాను.