ఇంటి చదువుకు దినచర్య ఎలా వేసుకోవాలి? నేను వేసిన టైమ్ టేబుల్ పన్నెండు రోజులే నిలిచింది

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. ఈ జూన్ నుంచి మా పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాము. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరేళ్లు. బడిలో మాదిరిగానే ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు నలభై నిమిషాల చొప్పున ఎనిమిది పీరియడ్లు గీసి, రంగు పెన్నులతో రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మా వీధికి నల్లా నీళ్లు ఒకరోజు ఏడింటికి, మరొకరోజు తొమ్మిదిన్నరకు వస్తాయి కనుక, నీళ్లు పట్టి ముగించేసరికి చాలా రోజుల్లో మొదటి పీరియడ్ దాటిపోతుంది. బాబుకు భాగహారం చెబుతూ ఉంటే పాప పలక పట్టుకుని వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఒక పీరియడ్ తప్పితే మిగిలినవన్నీ వెనక్కు జరిగి, సాయంత్రం ఐదింటికి కూడా సైన్స్ మిగిలిపోయిందని నేను కేకలు వేయడం, వాడు కళ్లనీళ్లు పెట్టుకోవడం మామూలైపోయింది. "ఈ మాత్రానికి బడే నయం కదమ్మా" అని మా అత్తగారు అంటే నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వయసు పిల్లలకు రోజుకు నిజంగా ఎన్ని గంటలు కావాలి? ఇద్దరినీ ఒక్కరే కూర్చోబెట్టుకునేవారు పనులను ఎలా పంచుకుంటున్నారు?

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

అమ్మా, ముందుగా గంటల లెక్క చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని ఉంది; 6 నుంచి 8 తరగతులకైతే 220 రోజులు, 1000 గంటలు. అంటే మీ బాబు వయసు పిల్లలకు రోజుకు సగటున నాలుగు గంటలు. అది బడులకు పెట్టిన నియమం. ఆ నాలుగు గంటల్లోనూ హాజరు, అల్లరి సర్దడం, వెనకబడ్డవారి కోసం ఆగడం పోగా ఒక్కొక్క పిల్లవాడికి నేరుగా అందేది ఎంతో ముప్పై ఏళ్లు తరగతి గదిలో నిలబడిన నాకు తెలుసు. మీరు ఆరు గంటలు గీసినందువల్లనే అది కూలింది తప్ప మీలో క్రమశిక్షణ లేక కాదు. నా అంచనాలో బాబుకు రెండున్నర గంటలు, పాపకు పావుగంట ముక్కలుగా ఒక గంట సరిపోతుంది. ఆరేళ్ల పిల్లకు అంతకు మించి వత్తులు దిద్దించితే మరునాడు పలక చూస్తేనే పారిపోతుంది.

జవాబు 2: విశాఖపట్నం నుంచి, ఆరేళ్లుగా ఇంట్లో చదివిస్తున్న తల్లి

మాస్టారు గంటల సంగతి చెప్పారు, నేను వరుస సంగతి చెబుతాను. మా ఇంట్లో తొమ్మిది గంటలకు లెక్కలు అని లేదు, టిఫిన్ తిన్న కంచాలు తీయగానే లెక్కలు అని ఉంది. టిఫిన్ ఎనిమిదింటికైనా పదింటికైనా దాని తరువాత వచ్చేది మారదు కనుక, నీళ్లు ఆలస్యమైనా, చుట్టాలు వచ్చినా రోజు చెడదు. ఇక ఇద్దరి విషయానికి వస్తే, పనులను సబ్జెక్టుల ప్రకారం కాక, నేను పక్కన కూర్చోవలసినవి, పిల్లలు ఒంటరిగా చేసుకోగలిగినవి అని రెండుగా విడదీసుకున్నాను. పెద్దవాడికి కొత్త లెక్క చెప్పే ఇరవై నిమిషాలూ చిన్నదానికి చింతపిక్కలు, రంగులు, ముగ్గు చుక్కలు. వాడు ఆ లెక్కలు చేసుకుంటూ ఉన్నప్పుడు దానికి గుణింతాలు. అది చూచిరాత రాస్తున్నప్పుడు మళ్లీ వాడికి ఇంగ్లీషు పాఠం. చిన్నదాని వంతు మొదట పెట్టడం మంచిదని నాకు ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే పది నిమిషాలు అమ్మ తనదే అయిన పిల్ల తరువాత ఒళ్లోకి ఎక్కదు.

చాలామంది వంటింట్లోనే అన్నీ నేర్చుకుంటారని అంటారు గాని, నేను అంత దూరం పోను. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అని కొలిపించితే నిష్పత్తి అర్థమవుతుంది, నిజమే. భాగహారం మాత్రం కాగితం మీద చేయక తప్పదు. శుక్రవారం మేము కొత్త పాఠం ఏదీ పెట్టుకోము. వారంలో మిగిలినవన్నీ ఆ రోజుకు చేరతాయి.

జవాబు 3: పెన్సిల్వేనియాలో ఉంటున్న తెలుగు తల్లి

మా రాష్ట్రంలో ఇంట్లో చదివించేవారు ఏడాదికి 180 రోజులు, లేదా ప్రాథమిక స్థాయిలో 900 గంటలు బోధించినట్లు చూపాలి కనుక మొదటి నుంచీ లాగ్ రాయడం అలవాటైంది. మీకు ఆ నిర్బంధం లేకపోయినా ఒక నోటుపుస్తకం పెట్టండి. చేయవలసినది పొద్దున రాయకుండా, చేసినది రాత్రి రెండు వాక్యాల్లో రాసుకుంటే, నెల తిరిగేసరికి ఏ పాఠం ఏ వేళలో సాగుతున్నదో, ఏది ఎప్పుడూ తప్పిపోతున్నదో కనిపిస్తుంది. అత్తగారి మాటకు జవాబు కూడా అందులోనే దొరకవచ్చు.

జవాబు 4: గుంటూరు నుంచి ఒక తండ్రి

గడియారం వద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా అమ్మాయి ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి పరీక్షలకు సిద్ధమవుతున్నది. వాటికి 14 ఏళ్లు నిండి ఉండాలి, పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్–మేలోనూ అక్టోబరు–నవంబరులోనూ జరుగుతాయి. ఏళ్ల తరబడి తోచిన వేళ చదివిన పిల్లకు గంటల తరబడి ఒకచోట కూర్చుని రాయడం చాలా కష్టమైంది. చెయ్యి నొప్పి అని గంటకే పెన్ను పెట్టేసేది. మీ పిల్లలు చిన్నవారు కనుక ఇప్పుడు వరుస చాలు. బాబుకు పదకొండో పన్నెండో వచ్చాక వారానికి ఒక్కరోజైనా గడియారం ముందు పెట్టి రాయించండి.

తిరిగి ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను. నీళ్లు వచ్చే వేళ పాప వంతు అయింది. బిందె నిండేలోపు నాలుగు మాటలు చదివేస్తున్నది. లెక్కలు టిఫిన్ తరువాతకు, సైన్స్ వారానికి రెండు రోజులకు మారాయి. మధ్యాహ్నం అన్నాల తరువాత తెలుగు పద్యాలు, కథలు అత్తగారు తీసుకున్నారు. ఆవిడ ఒక్క పద్యాన్ని వారం రోజులు చెప్పిస్తారు, నాకైతే అంత ఓపిక లేదు. హిందీ మాత్రం ఇంకా ఎక్కడా కుదరలేదు, నోటుపుస్తకంలో ఇరవై రోజుల్లో రెండుసార్లే కనిపించింది. ఎవరైనా దాన్ని ఏ పని తరువాత పెట్టుకున్నారో చెబితే మేలు.