ఫోన్ తీసుకుంటే తల బాదుకుంటున్నాడు

ప్రశ్న: బాబుకి 4 ఏళ్లు, ఆటిజం. ఫోన్ లాక్కుంటే నేలకి తల కొట్టుకుంటాడు. పట్టించుకోవద్దంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు 1: దెబ్బ తగిలేచోట వదిలేయకూడదండీ. మాట్లాడకుండా తల కింద దిండు పెట్టండి, ఫోన్ మాత్రం అప్పుడు ఇవ్వొద్దు. వారంపాటు రాయండి: ముందేం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం దక్కింది. ఫోన్‌తో సంబంధం లేకుండా కూడా కొట్టుకుంటుంటే చెవిపోటు, పంటినొప్పి ఉన్నాయేమో డాక్టరుకి చూపించండి.

జవాబు 2: ఏడ్చినా ఫోన్ ఇవ్వకపోతే మొదట్లో గోల పెరగొచ్చు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ జాలిపడి ఇస్తే, ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీదుండాలి.

జవాబు 3: లాక్కోవద్దు. 2 నిమిషాల ఇసుక గడియారం చూపించి, తర్వాత తీసుకోండి. వెంటనే చేతికి ఇష్టమైన ఇంకో వస్తువు ఇవ్వండి. శాంతంగా ఉన్నప్పుడు, ఫోన్ బొమ్మ ఉన్న కార్డు చూపించి ఫోన్ అడగడం నేర్పండి. నేర్చుకునే రోజుల్లో అడిగిన ప్రతిసారీ కాసేపు ఇవ్వాలి, లేదంటే కార్డు వదిలేసి మళ్లీ తలే బాదుకుంటాడు.