ఇంటి మీద సోలార్ మూడు కిలోవాట్లు చాలునా, ఐదు కావాలా? బ్యాటరీ, జనరేటర్ లెక్క ఎలా?

ప్రశ్న: పెన్నాతీరం, ప్రొద్దుటూరు

గడచిన 12 నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టుకుని కూడితే మా వాడకం 3,960 యూనిట్లు తేలింది. అంటే నెలకు సగటున 330. మే నెలలో మాత్రం ఏసీ వల్ల 480 దాటింది. ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటి, ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారు ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది మా అమ్మగారి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే గాలి నుంచి ఆక్సిజన్ తీసి అందించే కరెంటు యంత్రం. రాత్రంతా ఆమె దాని మీదే ఆధారపడి ఉంటారు. గాలివాన వచ్చిన రాత్రి మా వీధిలో కరెంటు పోతే తిరిగి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన వ్యక్తి 5 కిలోవాట్ల సోలార్, దానికి తోడు 2 కేవీఏ సామర్థ్యం గల పెట్రోలు జనరేటర్ పెట్టుకోమన్నారు. రోజుకు 30 యూనిట్లు వస్తాయనీ, కరెంటు పోయినా సోలార్ ఉంటుంది కాబట్టి దిగులు అక్కరలేదనీ చెప్పారు. ఈ 30 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో, మా ఇంటికి నిజంగా ఎంత కావాలో లెక్క కట్టే పద్ధతి తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఎండలెక్క

మీరు బిల్లులు కూడి ఉంచారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. ముందుగా ఒక విషయం: ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు, ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండి, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడినప్పుడు ప్రయోగశాలలో కొలిచిన అంకె. మన మిద్దె మీద మే నెల మధ్యాహ్నం సెల్ వేడి 65 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం అక్కడే పోయింది. దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ తినే భాగం కూడా తీసేస్తే చేతికి వచ్చేది నాలుగింట మూడు వంతులు. మా ఇంట్లో 3.3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉన్నాయి. మండుటెండలో ఇన్వర్టర్ తెర మీద 2.6 దాటిన రోజు నేను చూడలేదు. వాన వెలిసి ఆకాశం కడిగినట్టున్న ఒక ఉదయం మాత్రం ఒక్క క్షణం 2.9 కనిపించి మాయమైంది.

రాయలసీమలో ఏడాది సగటున రోజుకు ఐదు నుంచి ఐదున్నర గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడుతుంది. దాన్ని ఆ నాలుగింట మూడు వంతులతో గుణిస్తే కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఆ లెక్కన 5 కిలోవాట్లకు 20 యూనిట్లే గాని 30 కాదు. అయితే మీకు ఆ 20 కూడా అక్కరలేదు. 3 కిలోవాట్లు ఏడాదికి సుమారు 4,380 యూనిట్లు ఇస్తాయి, మీ వాడకం 3,960. లైనుకు మీరు ఇచ్చినదీ తీసుకున్నదీ రెండూ లెక్కించే నెట్ మీటర్ ఉంటే ఎండ బాగున్న పూట మిగిలినది రాత్రి లెక్కలో సర్దుబాటు అవుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్ర సబ్సిడీ కూడా 3 కిలోవాట్లకు రూ.78,000 దగ్గర ఆగిపోతుంది. 5 పెట్టినా అంతే.

ఇక కరెంటు పోయినా సోలార్ ఉంటుందన్న మాట. బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. అలా ఆగాలన్నదే నియమం. రాత్రి సంగతి చెప్పనే అక్కరలేదు. కాబట్టి మీ అమ్మగారి యంత్రానికి కావలసింది ప్యానెల్ కాదు, బ్యాటరీ, దాన్ని నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లతోనూ, బ్యాటరీతోనూ, లైనుతోనూ పనిచేసేది). ప్యానెళ్లను ఏడాది యూనిట్లను బట్టి, బ్యాటరీని ఒక్క చెడ్డ రాత్రిని బట్టి లెక్కించాలి. రెంటినీ కలిపి ఒకే అంకె చెప్పేవారిని నేను నమ్మను.

ఆ రాత్రి లెక్క: కాన్సన్‌ట్రేటర్ 350 వాట్లు, ఫ్రిజ్ సగటున 50, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు మూడు 90, దీపాలు 40, మొత్తం 530. నాలుగు గంటలకు 2.1 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీలు, రెండు కలిపితే కాగితం మీద 3.6 యూనిట్లు, కానీ వాటి మన్నిక కోసం సగమే వాడుకోవాలి, ఇన్వర్టర్ నష్టం పోగా 1.5 మిగులుతుంది. మూడు గంటలు కూడా రాదు. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 80 శాతం వాడి, ఇన్వర్టర్ నష్టం పోగా 3.7 యూనిట్ల దాకా అందుతుంది, అంటే సుమారు ఏడు గంటలు. ధర ఎక్కువే, అయినా మీ పరిస్థితిలో నేను దీన్నే ఎంచుకుంటాను.

జవాబు: పాత లైన్‌మన్

జనరేటర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునేదాన్ని బట్టి 2 కేవీఏ సరిపోతుందని చెబుతారు. కానీ మోటారు తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. అప్పుడు చిన్న జనరేటర్ గొంతు పట్టినట్టు మూలిగి ఆగిపోతుంది. మోటారు కోసం 5 కేవీఏ కొనడం కంటే, మబ్బు పట్టినప్పుడే ట్యాంకు నింపుకోవడం చవక. చిన్న పెట్రోలు జనరేటర్ లీటరుకు ఒకటిన్నర, రెండు యూనిట్లకు మించి ఇవ్వదు; లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో యూనిట్ ఎంత పడుతుందో మీరే చూసుకోండి. దాన్ని రెండో రోజుకూ కరెంటు రాని తుపాను వేళ బ్యాటరీ నింపడానికి మాత్రమే ఉంచండి, అదీ ఇంటి బయట, కిటికీలకు దూరంగా. ఆ పొగ ప్రాణాంతకం.

జనరేటర్ తీగను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటర్‌కు కలిపే చేంజోవర్ స్విచ్ లేకపోతే ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 వేల వోల్టులై, స్తంభం మీద పనిచేస్తున్న మనిషిని తగులుతుంది. ఇంకో సంగతి, అమ్మగారికి ఒక నిండు ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉండాలి. ఏ ఇన్వర్టర్ అయినా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది.

జవాబు: మిద్దెతోట

ఎండలెక్క గారి లెక్క నీడ లేని మిద్దెకే వర్తిస్తుంది. మా ఇంట్లో నీళ్ల ట్యాంకు నీడ డిసెంబరులో ఉదయం పూట ఒక ప్యానెల్ మూల మీద పడుతుంది; అరచేయంత నీడే అయినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గుతుంది. డిసెంబరులో ఒక రోజు 9 గంటలకు, 12కు, 3కు మిద్దె ఎక్కి నీడల అంచులు సుద్దముక్కతో గీసుకోండి. ఆ గీతల్లోకి రాని చోటే ప్యానెళ్లు పెట్టాలి. కిలోవాటుకు 100 చదరపు అడుగులు, దక్షిణానికి 15 డిగ్రీల వాలు చాలు. ఏసీ వాడకం ఏటా పెరుగుతుందనుకుంటే మాత్రం 4 కిలోవాట్లు పెట్టుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి క్లాంప్ మీటర్‌తో కొలిపించాను: బోరు మోటారు నడకలో 8.5 ఆంపియర్లు, మొదట్లో 38 చూపింది. జనరేటర్ ఆలోచన మానుకున్నాను. 3 కిలోవాట్లు, హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీకి కొత్త కొటేషన్ అడిగాను. సిలిండర్ సాయంత్రమే ఇంటికి వచ్చింది. బ్యాటరీని మెట్ల కింద పెట్టవచ్చునా? అక్కడ పడమటి గోడ కాలుతుంది.

ఎండలెక్క

వద్దండి. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. అమ్మగారి గది పక్కనున్న నడవాలో, నేలకు ఒక అడుగు ఎత్తున పెట్టించండి.